గవ్వలతో, పూసలతో పిల్లలకు బైనరీ

బైనరీ, అంటే ఒకటి, సున్నాలతోనే సంఖ్యలన్నీ రాసే పద్ధతి, నేర్చుకునే పిల్లలు తడబడేది ఒకటి దగ్గర కాదు, సున్నా దగ్గర. సున్నా అంటే ఏమీ లేదు కదా అని ఆ గడిని వదిలేస్తారు. దాంతో 22ను సూచించే 10110 కాస్తా 111గా, అంటే 7గా మారిపోతుంది. అందువల్ల సున్నాకు కూడా చేతికి తగిలే వస్తువొకటి ఉండాలి. సముద్రం పక్కనే ఉన్న విశాఖపట్నంలో గవ్వలకు కొదవ లేదు. అష్టాచెమ్మా ఆడిన పిల్లలకు గవ్వ వెల్లకిలానో బోర్లానో పడుతుందని వేరే చెప్పనక్కరలేదు. వెల్లకిలా పడితే ఒకటి, బోర్లా పడితే సున్నా.

పాత అట్టపెట్టె నుంచి పొడవాటి పట్టీ కత్తిరించి, దానిపై ఏడు గడులు గీయించండి. కుడి చివరి నుంచి 1, 2, 4 వరకే మీరు రాయండి. తర్వాత ఏం రావాలో అడిగితే 64 దాకా వాళ్లే చెప్పుకుపోతారు. అన్ని గడుల్లోనూ గవ్వలను బోర్లా పెట్టించి, 13 చూపించమనండి. ఎడమ నుంచి మొదలుపెట్టి, గడి విలువ మిగిలిన సంఖ్యలో ఇమిడితే గవ్వను తిరగేసి, ఆ విలువను తీసివేస్తూ పోవాలి. 64, 32, 16 ఇమడవు. 8, 4 ఇముడుతాయి. మిగిలిన 1 చివరి గడికి చేరుతుంది. గవ్వల వరుస 0001101 అవుతుంది. ఈ ఆటకు రెండు రోజులైనా కేటాయించడం మంచిది. ఛందస్సు చదువుతున్న పిల్లలైతే, మూడు గవ్వలను గురులఘువులుగా భావించి య, మ, త, ర, జ, భ, న, స గణాలు ఎనిమిదే ఎందుకయ్యాయో వాళ్లే కనిపెట్టగలరు.

తర్వాత అక్షరాలు. కంప్యూటర్లలో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్యనిచ్చే పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకు కేటాయించిన స్థానాలు 128 కాబట్టి, ఆ భాగంలో అక్షరం ఎన్నో స్థానంలో ఉందో చెప్పడానికి మన ఏడు గడులు సరిగ్గా సరిపోతాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ‘విశాఖ’ కాగితం మీద మూడక్షరాలే అయినా, కంప్యూటరు గుడిని, దీర్ఘాన్ని విడిగా లెక్కిస్తుంది గనుక అయిదు సంకేతాలవుతుంది: వ 53, గుడి 63, శ 54, దీర్ఘం 62, ఖ 22. గవ్వలతో వేస్తే అవి వరుసగా 0110101, 0111111, 0110110, 0111110, 0010110.

ఇక దండ గుచ్చడం. ఒకటికి ఎర్ర పూస, సున్నాకు పసుపు పూస; మొత్తం 35. ఏటికొప్పాక లక్కపూసలు దొరికితే దండకు అందం వస్తుంది, లేకపోతే ప్లాస్టిక్‌వి చాలు. ఏడు పూసలకొక ముడి వేయించండి. యంత్రానికి ఆ ముడితో పని లేదు, అది పిల్లల కంటి కోసమే. మొదటి పూసకు ముందు మాత్రం పెద్ద పూస ఒకటి తప్పకుండా ఉండాలి. నేను తొలిసారి దాన్ని మరిచిపోయాను. ఒక పాప దండను అటునుంచి చదవడం మొదలుపెట్టింది; 22 కాస్తా 52 అయింది, ఆ స్థానంలో ఉన్నది పాత శాసనాల్లో తప్ప నేడు ఎక్కడా కనిపించని అక్షరం.