డెల్టా నుంచి కొండ మీదికి: హ్యామ్ రేడియో యాక్టివేషన్ ఎలా చేయాలి?

కోనసీమలో హ్యామ్‌కి, అంటే లైసెన్సు తీసుకుని సరదా కోసం రేడియోలో మాట్లాడే మనిషికి, ఎత్తైన చోటంటే సొంత మేడ, మహా అయితే ఊరి వాటర్ ట్యాంకు. అక్కడి నుంచి రెండు మీటర్ల బ్యాండ్‌లో (తరంగం పొడవు రెండు మీటర్లు, సుమారు 145 మెగాహెర్ట్జ్) చేతిరేడియోతో ఇరవై, ముప్పై కిలోమీటర్లు వినబడితే గొప్ప. అదే రేడియో పట్టుకుని మారేడుమిల్లి పైనున్న గుడిస లాంటి కొండెక్కితే కథ మారిపోతుంది. శిఖరాల నుంచి ఇలా ప్రసారం చేయడానికి 2002లో బ్రిటన్‌లో మొదలైన కార్యక్రమమే సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్, పొట్టిగా సోటా. అలా శిఖరం నుంచి చేసే ప్రసారాన్నే యాక్టివేషన్ అంటారు. ఇందులో కొండెక్కడం చిన్న పని. పైకెళ్లి ఒక్క కాంటాక్టూ దొరక్క దిగొచ్చేవాళ్లలో చాలామంది ఇంటి దగ్గర చేయాల్సింది చేయకుండా బయల్దేరినవాళ్లే.

ముందు నిబంధనలు. శిఖరం నుంచి నిలువుగా 25 మీటర్ల లోపే కూర్చోవాలి. పాయింట్లు రావాలంటే కనీసం నలుగురు వేర్వేరు స్టేషన్లతో మాట్లాడాలి. నేల మీది రిపీటర్ (సిగ్నల్ అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) ద్వారా కలిసినవి లెక్కలోకి రావు. కరెంటు బ్యాటరీ నుంచో సోలార్ పలక నుంచో రావాలి, జనరేటర్ గానీ వాహనం బ్యాటరీ గానీ కుదరదు. చివరి దారి బండి మీద కాకుండా సామాను మోసుకుంటూ వెళ్లాలి. గుడిసకి వెళ్లేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే, ఎందుకంటే జీపు దాదాపు పైదాకా పోతుంది. బండిని 25 మీటర్ల పరిధికి బాగా కిందే ఆపించి, అక్కడి నుంచి నడవండి. పర్యాటకులు ఫొటోలు తీసుకునే చోటే శిఖరం అనుకోవద్దు. జీపీఎస్‌లో ఎత్తు సరిచూసుకోండి. ఎంచుకున్న కొండకి సోటా జాబితాలో సంకేత సంఖ్య ఉందో లేదో కూడా ఇంటి దగ్గరే చూడాలి. లేకపోయినా ప్రసారం చేయవచ్చు, పాయింట్లే రావు.

అనుమతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఏజెన్సీ అడవిలో కొండెక్కి, కర్ర పాతి, తీగ కట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని అంకెలు చెబుతున్న మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. లైసెన్సు అసలు కాగితం, రెండు జెరాక్సులు, ఆధార్ దగ్గర ఉంచుకోండి. చిరునామా దాటి వేరేచోటు నుంచి ప్రసారం చేయడంపై మీ లైసెన్సు షరతులు ఏమంటున్నాయో చదవండి. మారేడుమిల్లి పోలీసు స్టేషన్‌లో ముందురోజే చెప్పి, ఏ కొండ, ఎన్ని గంటలు, ఎంతమంది అన్నది కాగితం మీద రాసివ్వండి. అటవీశాఖ ప్రవేశ వేళలు మారుతుంటాయి, అవీ ముందురోజే కనుక్కోవాలి. పాపికొండలు నేషనల్ పార్కు, అక్కడ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

సామాను తక్కువైతేనే మంచిది. 5 వాట్ల రేడియో చాలు. హైదరాబాద్‌కి చెందిన అశర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ తరహా సెట్లు మన హ్యామ్‌లకి బాగా పరిచయమే, వాటితోనూ పని జరుగుతుంది. 5 వాట్ల సెట్టు వినేటప్పుడు 0.4 ఆంపియర్లు, మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్ల పైన లాగుతుంది. మీరు మాట్లాడేది పావు వంతు సమయమే కాబట్టి సగటున 0.8, రెండు గంటలకి 1.6 ఆంపియర్ అవర్లు. 4 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పట్టుకెళితే ఇంకా మిగులుతుంది.

గుడిస మీద గడ్డే తప్ప తాడు విసరడానికి చెట్లుండవు. అందుకని 6 మీటర్ల ఫైబర్ గాలం కర్ర తప్పనిసరి. వెదురు అక్కడే దొరుకుతుంది కదా అనుకోకండి, అడవిలో నరకడం నేరం. వెదురు సరదా బొంగులో చికెన్‌తో తీర్చుకోండి. కర్రకి మూడు వైపులా 120 డిగ్రీల ఎడంతో తాళ్లు కట్టాలి. రాతినేలలో మేకులు దిగవు కాబట్టి తాడు కొసని పెద్ద రాయికి చుట్టండి.

యాంటెన్నా కొలత సులువే. మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీతో 143ని భాగిస్తే డైపోల్ (నడుమ కేబుల్ తగిలించే, రెండు సమాన కాళ్ల తీగ యాంటెన్నా) మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 40 మీటర్ల బ్యాండ్‌లోని 7.1కి 20.14 మీటర్లు, అంటే ఒక్కో కాలు 10.07. 20 మీటర్ల బ్యాండ్‌లోని 14.2కి ఒక్కో కాలు 5.03. 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ నడుమ భాగాన్ని కర్ర కొనకి కట్టి, కాళ్లని తలకిందుల వీ ఆకారంలో దించండి. కొసలు 2 మీటర్ల కన్నా కిందికి రాకూడదు. ప్రసారం జరిగేటప్పుడు తీగ కొస తగిలితే చురుక్కున కాలుతుంది, పైగా చుట్టూ పిల్లలు తిరుగుతుంటారు. అందుకే ఒక్కో కొసకి 5 మీటర్ల నైలాన్ తాడు, దానికో ఎర్రగుడ్డ కట్టండి. తీగ నేలకి దగ్గరైతే, గడ్డి తడిగా ఉంటే రెజొనెన్స్ (తీగ బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ) కిందికి జారి, యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే శక్తిని సూచించే ఎస్‌డబ్ల్యూఆర్ పెరుగుతుంది. అప్పుడు తీగ కోయకండి. ఒక్కో కాలు కొసని 10 సెంటీమీటర్లు వెనక్కి మడిచి చుడితే సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి వస్తుంది. మరో రోజు పొడిగడ్డి మీద మడత విప్పుకోవచ్చు, కోస్తే పొడవు తిరిగి రాదు.

కేబుల్ విషయంలో ఒక మాట. సన్నటి ఆర్‌జీ-174 తేలిక, 14 మెగాహెర్ట్జ్‌లో 10 మీటర్లకి సుమారు ఒక డెసిబెల్ (శక్తిలో ఐదో వంతు) మాత్రమే పోతుంది. అదే కేబుల్ 145 మెగాహెర్ట్జ్‌లో మీ శక్తిలో సగానికి పైగా తినేస్తుంది. రెండు మీటర్లకి చేతిరేడియోకే యాంటెన్నా తగిలించుకోవడం మేలు.

ఇదంతా ఒకసారి కోతలైన చేలో గట్టు మీద కట్టి చూడండి. ఇంట్లోంచి ఏమీ తెప్పించుకోకూడదు, సంచిలో ఉన్నదే. పదిహేను నిమిషాల్లో మొదటి పిలుపు వెళ్లాలి. పీఎల్ రకం కేబుల్ కనెక్టర్ నుంచి బీఎన్‌సీ రకానికి మార్చే అడాప్టరో, స్పేర్ ఫ్యూజో మరిచారని తేలేది ఇక్కడే.

మారేడుమిల్లి దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. కాబట్టి మీ శిఖరం, సమయం, ఫ్రీక్వెన్సీ ముందురోజే సోటా సైటులో అలర్టుగా పెట్టి, తెలిసిన హ్యామ్‌లకి ఫోన్లు చేయండి. రాజమండ్రిలో ఇద్దరు, కాకినాడలో ఒకరు, అమలాపురంలో ఒకరు ఆ సమయానికి మేడెక్కుతామంటే నాలుగు కాంటాక్టుల మీద ధీమా వస్తుంది. లెక్క కూడా చూసుకోండి: కొండ ఎత్తు మీటర్ల వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగ్మండలం, అంటే సిగ్నల్ నేరుగా అందే దూరం, కిలోమీటర్లలో వస్తుంది. 900 మీటర్లకి సుమారు 124, అవతల 9 మీటర్ల మేడకి మరో 12. మధ్యలో ఇంకో కొండ అడ్డురాకపోతేనే సుమా.

రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి 85 కిలోమీటర్లకి అటూ ఇటూ. పెట్రోలు గోకవరంలోనే నింపేయండి. రాత్రి మారేడుమిల్లిలో పడుకుని, తెల్లవారుజామున స్థానిక జీపు మాట్లాడుకోండి. మామూలు కార్లకి ఆ పైదారి పనికిరాదు. కాలువగట్ల రోడ్ల మీద చేయి తిరిగిన డ్రైవర్లు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చుంటారు. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, ఎదురుగా ఎక్కే బండికి దారివ్వండి.

పైన ముందు రెండు మీటర్లలో డెల్టాని పిలవండి, ఆ తరువాత 40 మీటర్లు. ఉదయం తొమ్మిదిలోపు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు బాగా పలుకుతాయి. ఎండెక్కేకొద్దీ పై వాతావరణంలోని డీ పొర సిగ్నల్‌ని మింగేస్తుంది. అప్పుడు 20 మీటర్లకి మారితే దూరపు స్టేషన్లు వస్తాయి గానీ దగ్గరవాళ్లు వినబడరు. లాగ్‌లో (కాంటాక్టుల చిట్టాలో) సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో, రాయాలి. మన ఉదయం 5:30కి యూటీసీ తేదీ మారుతుంది, అంతకు ముందు చేసిన కాంటాక్టులు నిన్నటి తేదీలో పడతాయి.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం, బంగాళాఖాతంలో వాయుగుండం లేకపోతే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి మబ్బులు లేస్తాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. మాట్లాడుతున్న మాట అక్కడే ఆపి, కేబుల్ పీకి, కర్ర పడుకోబెట్టి కిందికి దిగండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, దోమల మందు మరవకండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. తిరిగొచ్చిన కొన్ని వారాల్లోపు జ్వరం తగిలితే, మారేడుమిల్లి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.