మేట్రిక్స్ అనే మాటకు అర్థం తేల్చుకోవడం ఎలా

గణితంలో మాత్రికగా నేర్చుకున్న మేట్రిక్స్ అనే మాట భూగర్భశాస్త్రంలోనో కణశాస్త్రంలోనో మళ్లీ ఎదురైనప్పుడు, నిఘంటువులోని అర్థాలన్నిటినీ వరుసగా అతికించి చూడటం కన్నా ముందుగా దాని పుట్టుక తెలుసుకోవడం మేలు. లాటిన్‌లో ‘మాటెర్’ అంటే తల్లి. దాని నుంచి వచ్చిన ‘మాట్రిక్స్’ మొదట ఈనడానికి పెంచే ఆడ పశువుకు పేరుగా ఉండి, తర్వాతి కాలపు లాటిన్‌లో గర్భాశయాన్ని సూచించింది. మన ‘మాతృ’ శబ్దానికి ఇది దూరపు చుట్టమే.

ఇక వాక్యాన్ని చదివి, అక్కడ చెబుతున్నది దేన్నైనా తనలో పొదువుకున్న లేదా పుట్టించే వస్తువు గురించా, లేక అడ్డు నిలువు వరుసల గురించా అని చూడాలి. శిలాజం ఇరుక్కుని ఉన్న రాయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపల క్రెబ్స్ వలయం అనే రసాయన చర్యల వరుస జరిగే ద్రవం, గోరు మొదట్లో చర్మం కింద ఉండి గోరును పెంచే కణజాలం, గాజు పోగులను పట్టి ఉంచే రెసిన్, ఇవన్నీ మొదటి కోవకు చెందుతాయి. సీసపు అక్షరాలను పోతపోసే అచ్చుకు కూడా ఇదే పేరు. కరిగిన లోహం అందులోకి దిగి అక్షరమై బయటికి వస్తుంది కనుక, గర్భం అన్న అర్థం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

రెండో కోవకు మూలం గణితం. 1850లో జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ ఈ పేరు పెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది కూడా గర్భమే: 3 అడ్డు వరుసలు, 4 నిలువు వరుసలు ఉన్న పట్టికలో ఒక్కోసారి ఒక్కో నిలువు వరుసను తీసేస్తే 4 నిర్ధారకాలు (చదరపు పట్టికలోని సంఖ్యల నుంచి లెక్కగట్టే విలువలు) పుడతాయి. అయితే 1858లో ఆర్థర్ కేలీ మాత్రికలకంటూ ఒక బీజగణితాన్ని రూపొందించాక నిర్ధారకాల తల్లి అన్న భావం వెనక్కి పోయి, పట్టిక రూపమే మిగిలింది. డాట్ మేట్రిక్స్ ప్రింటర్‌లోనూ, ఒకే ఉద్యోగికి ఇద్దరు పై అధికారులుండే మేట్రిక్స్ సంస్థలోనూ వెతకవలసింది ఈ గడులనే. అక్కడ తల్లి కోసం వెతకడం వృథా శ్రమ.

ధ్వనిని చూసి మోసపోకూడదు. మెట్రిక్యులేషన్ ఈ కుటుంబానిదే; పేర్ల జాబితాను లాటిన్‌లో ‘మాట్రికులా’ అనేవారు. మెట్రిక్ పద్ధతికి మాత్రం దీనితో సంబంధం లేదు, అది కొలత అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది.

తెలుగులో రాసేటప్పుడు ‘మాత్రిక’తోనే అన్నీ సరిపెట్టడం నాకు నచ్చదు. గణితంలో అది స్థిరపడిన మాట. ‘మాతృక’ అంటే పాఠకుడు అనువాదానికి మూలమైన రచన అనుకుంటాడు. కనుక రాళ్ల విషయంలో ‘శిలాజాన్ని పట్టి ఉన్న రాయి’ అనీ, అచ్చుపని విషయంలో ‘అక్షరాల పోత అచ్చు’ అనీ విడమరిచి రాయడమే స్పష్టంగా ఉంటుంది.