ఫ్రోజెన్ రొయ్యల్లో తేడా కనిపిస్తే: ఎందుకు, ఏం చెయ్యాలి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగిళ్లల్లో చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్యల ఫ్రోజెన్ ప్యాకెట్లు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఫ్రీజర్ బ్యాక్టీరియాని చంపేస్తుందనుకోవద్దు, మైనస్ 18 డిగ్రీల దగ్గర దాని పెరుగుదల ఆగుతుందంతే, రొయ్య కరిగిందంటే మళ్లీ మొదలు.

విడి రొయ్యల ప్యాకెట్ ముద్దకట్టిందా?

చేత్తో నొక్కి చూడండి. రొయ్యలు గలగలా కదలకుండా ఒకటే గడ్డలా ఉండి, కవర్ మూలలో నీళ్లు గడ్డకట్టి కనిపిస్తే దారిలోనో షాపులోనో కరెంటు పోయినప్పుడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించాల్సిందే, కరిగి ఉన్న ఆ టైంలో బ్యాక్టీరియా ఎంత పెరిగిందో చూసి చెప్పలేం కాబట్టి కొనొద్దు. తుఫానుకి మనింట్లోనే కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తియ్యకండి, నిండుగా ఉంటే సుమారు 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు చల్లదనం ఆగుతుంది. తీసి చూస్తే ఇంకా ఐసు పలుకులుంటే వెంటనే వండెయ్యండి, మెత్తబడి చల్లదనం పోయి రెండు గంటలు దాటితే పారెయ్యడమే, డబ్బులు పోయాయని చూడొద్దు.

అమ్మోనియా వాసనా?

పాడైంది. పసుపు, నిమ్మరసం పట్టించి కడిగితే వాసన తగ్గుద్దేమో గానీ స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా వదిలిన విషం ఉంటే ఉడికించినా పోదు.

తలపై నల్లమచ్చలా?

అది రొయ్యలోనే ఉండే ఎంజైమ్ అనే పదార్థం పని, బ్యాక్టీరియా కాదు. తెల్లగా ఎండిన మచ్చలు ఫ్రీజర్‌లో తేమ పోయి వస్తాయి, రుచే తగ్గుద్ది.

వాసన బానే ఉంది, తిన్నాక కడుపునొప్పి, విరేచనాలా?

ఉప్పునీటి చెరువుల్లో విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది, సరిగ్గా ఉడక్కపోతే అదే కారణం కావచ్చు, కానీ మనం గమనించనిది కత్తిపీట. రొయ్యలు ఒలిచి నీళ్లతో అలా అనేసి దానిమీదే చద్దన్నంలోకి ఉల్లిపాయ కోస్తాం, ఆ ఉల్లిపాయ ఉడకదు కదా! సబ్బుతో తోమి, చేతులు కూడా కడుక్కుని అప్పుడు కొయ్యండి. కరిగించడానికి గట్టు మీద వదిలెయ్యకుండా గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచండి, లోపలి కండ గాజులా కాకుండా పూర్తిగా తెల్లబడేదాకా ఉడికించండి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది కాబట్టి గర్భిణులకి పెట్టేముందు, ముందే ఉడికించి అమ్మే రొయ్యలైనా సరే, మళ్లీ పొగలొచ్చేలా వేడి చెయ్యండి.

విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగిస్తూ ఉండండి, రక్తం పడినా, జ్వరం ఎక్కువున్నా, మూత్రం తగ్గినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్యాకెట్ కవర్ దాచండి, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు లేకపోతే ఆ సరుకు ఎక్కడిదో పట్టుకోవడం కష్టం.