బూమ్ బద్ధకంగా లేస్తోందా? ముందు పైలట్ ప్రెషర్ చూడండి

వీల్ లోడర్ బూమ్ (బకెట్‌ను ఎత్తే చేయి) నెమ్మదించగానే మన దగ్గర మొదట వినపడే మాట "పంపు పోయిందన్నా". సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి పంపు ధర అడిగే ముందు పైలట్ లైన్‌కు ఒక ప్రెషర్ గేజి పెట్టి చూడండి.

పైలట్ కంట్రోల్ ఉన్న మెషిన్‌లో లీవర్ మెయిన్ వాల్వును నేరుగా లాగదు. లీవర్ కింద చిన్న వాల్వు ఉంటుంది. లీవర్ ఎంత వంచితే అంత ప్రెషర్ సన్న హోసులోంచి వెళ్లి, మెయిన్ వాల్వులోని స్పూల్‌ను (ఆయిల్ దారిని తెరిచి మూసే కడ్డీ) స్ప్రింగుకు ఎదురుగా నెడుతుంది. సిలిండర్‌కు ఆయిల్ దారి దొరికేది అప్పుడే. చాలా మెషిన్లలో ఈ పైలట్ ప్రెషర్ 25–35 బార్లే, మెయిన్ లైన్‌లో 200 దాటుతుంది. పైలట్ ప్రెషర్ పడిపోతే స్పూల్ సగమే తెరుచుకుంటుంది. అప్పుడు కొత్త పంపు వేసినా అదే తంతు.

బూమ్, బకెట్ రెండూ మందగిస్తే పైలట్ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి, చవకలో తేలిపోవచ్చు. బూమ్ ఒక్కటే అయితే దాని పైలట్ హోసులూ బకెట్‌వీ తారుమారు చేసి బిగించండి. ఇప్పుడు బకెట్ మందగిస్తే జబ్బు లీవర్ వాల్వులో ఉంది. బూమే ఇంకా మొరాయిస్తే మెయిన్ వాల్వు వైపు వెతకాలి. లీవర్లు అటూఇటూ అయ్యాయని ఆపరేటర్‌కు ముందే చెప్పండి, చుట్టుపక్కల మనుషుల్ని ఉండనివ్వకండి.

హోసు విప్పేముందు బకెట్ నేలకు దించాలి. ఇంజిన్ ఆపాక, కీ ఆన్‌లో పెట్టి లీవర్లు నాలుగైదుసార్లు అన్ని వైపులా కదపండి. ఇంజిన్ ఆగినా అక్యుమ్యులేటర్‌లో (ప్రెషర్‌ను నిల్వ ఉంచే చిన్న సీసాలాంటిది) ప్రెషర్ దాగి ఉంటుంది.