చంకలో చంటిబిడ్డ, బయట పొగమంచు: ఢిల్లీ విమానం రద్దయితే ఏం చేయాలి?

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్కలో పొగమంచు కాలం డిసెంబరు 10 నుంచి ఫిబ్రవరి 10 దాకా. సంక్రాంతి సరిగ్గా దాని నడిమధ్యలో పడుతుంది. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు పండక్కి ఊరెళ్లేదీ, పుట్టిన బిడ్డను మొదటిసారి అమ్మమ్మగారింటికి తీసుకెళ్లేదీ చాలామటుకు అప్పుడే. విమానం రద్దయితే పెద్దవాళ్లు కుర్చీలో ఒక రాత్రి కునుకు తీసి సర్దుకుంటారు. ఏడాదిలోపు బిడ్డతో అలా కుదరదు. పాలు, డైపర్లు, నిద్ర ఈ మూడూ మీ చేతిలో ఉండాలి. విమానం ఎప్పుడు కదులుతుందో ఎలాగూ మీ చేతిలో ఉండదు.

టికెట్ కొనేటప్పుడే సగం పని

మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల చల్లబడి, దాని మీది తేమగాలి మంచుగా మారుతుంది. చినుకులు పడి వెలిసిన మర్నాడు ఇది ఇంకా ఎక్కువ. ఢిల్లీలో సాధారణంగా రాత్రి 2 తర్వాత చిక్కబడి, ఎండ ఎక్కేసరికి, అంటే 9, 10 గంటలకు పలచబడుతుంది. రన్‌వేల మీద మంచులోనూ విమానాన్ని దింపే క్యాట్-3బి వ్యవస్థ ఉంది కదా, 50 మీటర్లు కనిపించినా దిగొచ్చు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ విమానానికీ అందుకు తగిన పరికరాలుండాలి, పైలట్లిద్దరికీ ఆ శిక్షణ ఉండాలి. పైగా లేవడానికి మామూలుగా 125 మీటర్లు కావాలి. అందుకే దిగిన విమానం కూడా లేవలేక నిలబడిపోయే వేళలుంటాయి. ఈలోగా సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతాయి, విమానం రద్దవుతుంది. మంచు విడిచాక, పగలు 11 గంటలకు కూడా రద్దులు వస్తూనే ఉండటానికి కారణం ఇదే.

కాబట్టి ఢిల్లీ నుంచి బయల్దేరేది మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య ఉండేట్టు చూసుకోండి. హైదరాబాదు, విశాఖ, విజయవాడల నుంచి ఢిల్లీకి వచ్చేదైతే ఉదయం 10 దాటాక బయల్దేరేది మేలు. చవగ్గా ఉందని తెల్లవారుజాము 5:30 విమానం కొనొద్దు. రోజులో చివరి విమానం కూడా వద్దు. అది రద్దయితే తర్వాతి విమానం మళ్లీ మంచు వేళలోనే ఉంటుంది.

ఏజెంటు ద్వారా కొంటే, బుకింగులో ప్రయాణించే వాళ్ల ఫోన్ నంబరే ఉండేట్టు చూడండి. ఏజెంటు నంబరుంటే రద్దు కబురు ఆయనకే వెళ్తుంది. ఢిల్లీ మీదుగా అమెరికాకో యూరప్‌కో వెళ్లేవాళ్లకు రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. విడివిడి టికెట్లయితే మొదటిది రద్దయి రెండోది తప్పినా ఎవరూ బాధ్యత తీసుకోరు. హైదరాబాదు నుంచి నేరుగా దోహా, దుబాయ్, లండన్‌లకు విమానాలున్నాయి, జనవరిలో అటే చూసుకోవడం మంచిది. దుబాయ్‌లోనూ చలికాలపు ఉదయాల్లో మంచు పడుతుంది, ఢిల్లీ అంత కాదు.

భుజాన ఉండాల్సింది

చెక్-ఇన్ చేసిన సంచి విమానం రద్దయ్యాక తిరిగి చేతికి రావడానికి గంటలు పడుతుంది. అందుకే ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయానికి ఇంకో 24 గంటలు కలుపుకుని లెక్క వేయండి. ప్రయాణం 8 గంటలనుకుంటే మొత్తం 32 గంటలు.

పాలపొడి లెక్క ఇలా. ఆరు నెలల లోపు, ఫార్ములా ఒక్కటే తాగే బిడ్డకు రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్లు పడతాయి. 6 కిలోల బిడ్డకు 24 గంటలకు 900, 32 గంటలకు 1200 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే చాలా డబ్బాల్లో 30 మిల్లీలీటర్లకు ఒక స్కూపు కాబట్టి 40 స్కూపులు. విదేశీ డబ్బా అయితే స్కూపు కొలత వేరుగా ఉండొచ్చు, డబ్బా మీద చూసుకోండి. ఒక్కో పూటకు సరిపడా పొడి కొలిచి గదుల డబ్బాలో పోసి పెట్టుకుంటే, క్యూలో ఒంటిచేత్తో లెక్కపెట్టే పని తప్పుతుంది. పొడి అయిపోతోందని నీళ్లు ఎక్కువ పోసి పలచగా కలపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఒంట్లో సోడియం పడిపోయి పసిపిల్లలకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఫ్లాస్కును ఖాళీగా తీసుకెళ్లి, భద్రతా తనిఖీ దాటాక లోపలి టీ కౌంటర్లో సలసల కాగే నీళ్లు పోయించుకోండి. పొడి కలపడానికి నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు, పొడిలో ఉండే సూక్ష్మజీవులు చచ్చేది ఆ వేడికే. కలిపిన సీసాను కుళాయి కింద తిప్పుతూ చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. కలిపిన పాలు 2 గంటల్లో వాడేయాలి. బిడ్డ నోరు పెట్టాక గంటకు మించి ఉంచకూడదు. సీసాలు ఉడకబెట్టే వీలు అక్కడ ఉండదు కాబట్టి ఉడకబెట్టినవి నాలుగు తీసుకెళ్లండి. వాటికి తోడు స్టీలు ఉగ్గుగిన్నె ఒకటి. సీసా మూలల్లో, పాలపీకలో పాలు ఇరుక్కుంటాయి కానీ గిన్నెను ఫ్లాస్కు నీళ్లతో కడిగితే చాలు. మూడో సీసా అయిపోయాక దాని విలువ తెలుస్తుంది. బిడ్డకు దానితో అలవాటు లేకపోతే ఇంట్లోనే రెండు రోజులు పట్టి చూడండి.

తల్లిపాలు తాగే బిడ్డతో ఈ గోల సగం ఉండదు. తల్లికి మాత్రం తిండి, నీళ్లు వేళకు అందాలి. పిండి తెచ్చిన పాలు గది వేడిలో 4 గంటలు, గడ్డకట్టిన ఐస్ ప్యాకులున్న సంచిలో 24 గంటలు నిలుస్తాయి. తనిఖీ దగ్గర పాలసీసా మూత తీయమనో రుచి చూడమనో అడగొచ్చు, అందుకని వాటిని సంచి పైభాగంలో పెట్టుకోండి.

ఆరు నెలలు దాటిన బిడ్డకు ఇంట్లో చేసిన ఉగ్గుపొడి పట్టుకెళ్లి వేడినీళ్లలో కలిపేయాలని చూస్తారు. ఫ్లాస్కు నీళ్లకు అది ఉడకదు, పచ్చిపిండి కడుపునొప్పి తెస్తుంది. దాని బదులు వేడినీళ్లలో కలిపితే చాలు అని రాసి ఉన్న ప్యాకెట్ సిరియల్, రెండు అరటిపళ్లు, ఆ పూటకు నాలుగు ఇడ్లీలు పెట్టుకోండి.

డైపర్లు మూడు గంటలకొకటి చొప్పున 11, విరేచనాలైతే అని మరో 3. బిడ్డకు రెండు జతల బట్టలు, ఎత్తుకునేవాళ్లకు ఒక చొక్కా (దీన్ని అందరూ మరిచిపోతారు). థర్మామీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్టు, పారాసిటమాల్ చుక్కలు. చుక్కల మందు, సిరప్ ఒకే గాఢతలో ఉండవు. బిడ్డ బరువుకు ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరుతో రాయించి సీసాకే అంటించండి. జనన ధ్రువపత్రం నకలు కూడా ఈ సంచిలోనే.

ముందు రోజు సాయంత్రం

వాతావరణ శాఖ భాషలో దట్టమైన మంచు అంటే 200 మీటర్ల లోపే కనిపించడం, అతి దట్టమంటే 50 మీటర్ల లోపు. ఢిల్లీ విమానాశ్రయపు వాతావరణ నివేదికలు (మెటార్) ‘వీఐడీపీ’ అనే కోడ్ మీద ఎవరైనా చూడొచ్చు. గాలి వేగం తర్వాత వచ్చే నాలుగంకెలు మీటర్లలో దృశ్యత. 0100 అని ఉంటే వంద మీటర్లు. బయల్దేరే ముందు మీ విమానం నంబరొక్కటే కాదు, మిమ్మల్ని తీసుకెళ్లాల్సిన ఆ విమానం ఇప్పుడెక్కడుందో విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో చూడండి. అది ఇంకా పాట్నాలోనే నిలబడి ఉంటే, బోర్డు మీద ‘ఆన్ టైమ్’ అని వెలుగుతున్నా నమ్మక్కర్లేదు.

రద్దు అని చెప్పాక మొదటి గంట

ఒకరు బిడ్డతో కూర్చుని ఫోన్లో యాప్, కస్టమర్ కేర్ చూడండి. రెండోవారు కౌంటర్ క్యూలో నిలబడండి. యాప్‌లో కనిపించే ‘రిఫండ్’ మీటను తొందరపడి నొక్కొద్దు. రిఫండ్ తీసుకున్నారంటే మీకు మరో సీటు చూపించాల్సిన పని సంస్థకు ఉండదు. ఆ రోజు కొత్త టికెట్టు ధర మీరు పెట్టిన దానికి ఎన్ని రెట్లుంటుందో ముందు చూసుకోండి.

కొత్త సీటు ఇచ్చారంటే అయిపోలేదు. ఒడిలో కూర్చునే బిడ్డ పేరు తల్లి లేదా తండ్రి టికెట్టుకు అతికించి ఉంటుంది. హడావిడిగా మార్చేటప్పుడు అది ఊడిపోవడం మామూలే. కొత్త పీఎన్ఆర్‌లో బిడ్డ పేరు, ‘ఇన్ఫ్యాంట్’ అన్న మాట ఉన్నాయో లేదో కౌంటర్ వదిలే ముందే చూడండి. అదనపు ఆక్సిజన్ మాస్కులు వరుసకు పరిమితంగా ఉంటాయి కాబట్టి ఒక్కో విమానంలో ఇంతమంది ఒడిపిల్లలే అన్న లెక్క ఉంటుంది. పండగ రోజుల్లో పెద్దల సీటుండి బిడ్డకు చోటు లేకపోవడమూ జరుగుతుంది. బిడ్డకు రెండేళ్లు నిండబోతుంటే తేదీ చూసుకోండి, ఆ రోజు దాటితే విడిగా సీటు కొనాలి.

రాత్రి 9 తర్వాత రద్దయితే మర్నాడు 5 గంటల విమానం చేతిలో పెడతారు. అందరూ ఎగిరి గంతేసి తీసుకునేది అదే, మళ్లీ రద్దయ్యేదీ చాలాసార్లు అదే. చంటిబిడ్డతో ఉన్నవాళ్లు మధ్యాహ్నం విమానం అడగండి. ఒక రాత్రి నిద్ర దక్కుతుంది. విజయవాడకు సీటు లేకపోతే హైదరాబాదుకో రాజమండ్రికో మార్చగలరా అని అడిగి చూడండి. భోగి ముందు రెండు రోజులు మాత్రం హైదరాబాదు-విజయవాడ రహదారి వద్దు, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. జైపూర్ నుంచి ఎక్కుదామని రాత్రివేళ కారులో బయల్దేరడం అంతకంటే పొరపాటు. విమానాన్ని ఆపిన మంచే రోడ్డు మీదా ఉంటుంది.

రైలు సంగతీ అంతే. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి కానీ ఉత్తరాదిలో మంచు రైళ్లనూ గంటల తరబడి ఆపుతుంది. రెండు రోజుల దాకా సీటు లేదని తేలితేనే ఏసీ తత్కాల్ చూడండి. అది ముందు రోజు ఉదయం 10 గంటలకు తెరుస్తారు.

ఇంకొకటి, చేతిలో కొత్త టికెట్టు లేకుండా టెర్మినల్ బయటికి రావద్దు. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు చెల్లే టికెట్టు చూసే లోపలికి పంపుతారు. రద్దయిన టికెట్టుతో బయటపడ్డారంటే బిడ్డతో చలిలో నిలబడాలి. సంచులు ‘అరైవల్స్’ బెల్టు మీదికి వస్తాయి. ఏ నంబరు బెల్టో, బిడ్డ తోపుడుబండి (స్ట్రోలర్) కూడా అక్కడికే వస్తుందో లేదో సిబ్బందిని అడిగాకే కదలండి.

రాత్రి ఉండాల్సి వస్తే

టెర్మినల్ 3 నుంచి హోటళ్లుండే ఏరోసిటీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. మెట్రోకు మంచుతో పని లేదు. గదుల ధరలు నిమిషాల్లో పెరుగుతాయి, కాబట్టి రద్దు ఖాయం కాకముందే ఉచితంగా రద్దు చేసుకోగల గది ఒకటి పట్టి ఉంచుకోండి.

టెర్మినల్‌లోనే ఉంటే తలుపులకు, ఏసీ గాలికి దూరంగా గోడవైపు చోటు చూసుకోండి. మన వాళ్లు చలి అనగానే మంకీ క్యాప్, రెండు స్వెటర్లు, పైన శాలువా చుడతారు. లోపల వెచ్చగానే ఉంటుంది. చేతులు చల్లగా ఉన్నాయని కాకుండా మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే ఒక పొర తీసేయండి, నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయండి. బయటికి తీసుకెళ్తే మళ్లీ అన్నీ వేయండి. గాలి కోసమని బయట తిప్పడం మాత్రం వద్దు, మంచు రాత్రి ఢిల్లీ గాలిలో ఉండేది పొగ.

డైపర్ ఆరు గంటలుగా పొడిగా ఉండి, నోరు ఎండి, బిడ్డ మందకొడిగా ఉంటే విమానం సంగతి పక్కనపెట్టి విమానాశ్రయపు వైద్య కేంద్రానికి వెళ్లండి.

డబ్బు విషయం

డీజీసీఏ నిబంధనల ప్రకారం (సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4) రద్దయితే వేరే విమానం లేదా పూర్తి రిఫండ్, ఏది కావాలో మీ ఇష్టం. ‘నాన్ రిఫండబుల్’ టికెట్టుకూ ఇది వర్తిస్తుంది. కానీ వాతావరణం వల్ల రద్దయితే నష్టపరిహారం రాదు. హోటలు అడగండి, ఇస్తే మంచిదే, దాన్ని నమ్ముకుని డబ్బు లేకుండా వెళ్లొద్దు. సాంకేతిక కారణం వల్ల ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే లెక్క వేరు. 2 గంటలు దాటిన ప్రయాణానికి రూ.10,000 లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది ఇవ్వాలి. అందుకే రద్దు కారణాన్ని ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. సంస్థ స్పందించకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఢిల్లీకి తిరుగు ప్రయాణంలో

దిగేటప్పుడు చెవులు పట్టేయకుండా బిడ్డకు పాలు పడతారు. మంచు రోజున కిందికి దిగుతున్నామని ప్రకటించాక కూడా విమానం అరగంట చక్కర్లు కొట్టొచ్చు. మొదటి ప్రకటనకే సీసా మొత్తం పట్టేస్తే అసలు దిగేటప్పుడు బిడ్డ తాగడు. సగమే పట్టి, మీ చెవులు మూసుకుపోతున్నట్టు అనిపించినప్పుడు మిగతాది పట్టండి. దారి మళ్లించి జైపూర్‌లోనో లక్నోలోనో దింపితే చాలాసార్లు విమానంలోనే కూర్చోబెడతారు. పాలు, డైపర్ల సంచిని పైన అరలో కాకుండా ముందు సీటు కిందే పెట్టుకోండి.