చార్టర్ స్కూల్ బోర్డును చదవడం – 3వ పాఠం: ట్రస్టీలు ఏ వృత్తుల నుంచి వచ్చారు?

అమెరికాలో ప్రజల డబ్బుతో, కానీ జిల్లా బోర్డు కింద కాకుండా సొంత బోర్డుతో నడిచే పబ్లిక్ స్కూల్‌ను చార్టర్ స్కూల్ అంటారు; ఆ బోర్డు సభ్యులే ట్రస్టీలు. మొదటి పాఠంలో చార్టర్ స్కూల్‌కు అనుమతి ఎవరిస్తారో చూశాం. రెండో పాఠంలో బోర్డు మీటింగుల మినిట్స్ (మీటింగ్‌లో జరిగినదాని రాత నమోదు) ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఎలా చదవాలో చూశాం. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చేసినవాళ్ల దగ్గర ఈపాటికి ఒక స్కూల్ మినిట్స్ కొన్ని నెలలవైనా ఉండాలి. వాటిని పక్కన పెట్టుకోండి, చివర్లో అవసరం పడతాయి.

ఈ పాఠంలో నేర్చుకునేది ట్రస్టీల వృత్తి నేపథ్యం చదవడం. ప్రతి చార్టర్ స్కూల్ వెబ్‌సైట్‌లోనూ దాదాపుగా బోర్డు పేజీ ఒకటి ఉంటుంది. ఫొటో, పేరు, కింద నాలుగు లైన్ల బయో. అమెరికాలో ఉన్న మన తెలుగు పేరెంట్స్ చాలామంది ఆ పేజీ తెరిచి, పేరున్న కంపెనీలు, పేరున్న యూనివర్సిటీలు కనిపించగానే 'పెద్దవాళ్లే ఉన్నారు' అనుకుని మూసేస్తారు. అడ్మిషన్ లాటరీలో పిల్లలకు సీటు వస్తుందో రాదో అన్న టెన్షన్‌లో ఉన్నప్పుడు అది సహజమే. కానీ హోదా చూసి మనకు తెలిసేది చాలా తక్కువ. ఒక్కో బయో దగ్గర ఆగి ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి తన వృత్తిలో నేర్చుకున్నదాని వల్ల మీటింగ్‌లో ఏ ప్రశ్న అడగగలరు? అందరివీ అయ్యాక రెండో ప్రశ్న: అడిగేవాళ్లు ఒక్కరూ లేని ప్రశ్న ఏది?

జిల్లా పబ్లిక్ స్కూళ్ల బోర్డులను చాలాచోట్ల ఓటర్లు ఎన్నుకుంటారు. చార్టర్ స్కూల్‌లో ఎక్కువ రాష్ట్రాల్లో, అప్పటికే ఉన్న బోర్డే కొత్త సభ్యులను ఎంచుకుంటుంది. డబ్బు మాత్రం ప్రజలదే. ప్రిన్సిపాల్‌ను నియమించేది, పనితీరు చూసి కొనసాగించేది లేదా తీసేసేది, బడ్జెట్ ఆమోదించేది, అనుమతి రెన్యువల్ సమయంలో ఆథరైజర్‌కు (స్కూల్‌కు అనుమతి ఇచ్చిన సంస్థకు) జవాబు చెప్పేది ఈ ట్రస్టీలే. జీతం తీసుకోకుండా, సాయంత్రం ఉద్యోగం అయ్యాక వచ్చి కూర్చుంటారు. ఆ రెండు గంటల్లో వాళ్లకు ఏది తట్టాలన్నా వాళ్ల వృత్తి అనుభవంలోంచే తట్టాలి.

బోర్డులో ఎవరు ఉండాలన్న దాని మీద అమెరికాలో మొదటి నుంచీ ఒకే మాట లేదు. దేశంలో మొదటి చార్టర్ చట్టం 1991లో మిన్నెసోటాలో వచ్చింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో సిటీ అకాడమీ మొదలైంది. బోర్డులో సగానికి పైగా ఆ స్కూల్ టీచర్లే ఉండాలని ఆ చట్టం పెట్టింది. పాఠం చెప్పేవాళ్లే స్కూల్ నడపాలన్నది దాని ఉద్దేశం. 2009లో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు అక్కడ కనీసం ఒక టీచరు, ఒక పేరెంటు, స్కూల్‌లో ఉద్యోగం లేని స్థానికులు ఒకరు ఉండి తీరాలి.

న్యూయార్క్ చట్టం 1998లో వచ్చింది. న్యూయార్క్ నగరంలో చార్టర్ స్కూళ్ల చుట్టూ పెట్టుబడి రంగం వాళ్లు పెద్ద సంఖ్యలో చేరారు. 2006లో హార్లెంలో ఎవా మాస్కొవిట్జ్ నాయకత్వంలో మొదలైన సక్సెస్ అకాడమీని వెనకుండి నిలబెట్టినవాళ్లు జోయెల్ గ్రీన్‌బ్లాట్, జాన్ పెట్రీ అనే ఇద్దరు ఫండ్ మేనేజర్లు. తర్వాత కొన్నేళ్లు దాని బోర్డు చైర్‌గా ఉన్న డేనియల్ లోబ్ థర్డ్ పాయింట్ అనే హెడ్జ్ ఫండ్ (సంపన్నుల, సంస్థల డబ్బును పెట్టుబడి పెట్టే నిధి) స్థాపకులు. విరాళాలు తేవడంలో, స్కూల్‌ను వేగంగా విస్తరించడంలో ఇలాంటి బోర్డులకు బలం ఎక్కువ. నా మటుకు నాకు ఈ రెండు పద్ధతుల్లో ఏదీ పూర్తిగా సరిపోదు. టీచర్లే నిండిన బోర్డులో తమ జీతాల మీద తామే ఓటు వేయాల్సిన చిక్కు వస్తుంది. ఫైనాన్స్ వాళ్లే నిండిన బోర్డులో తరగతి గది గురించి అడిగే గొంతు తగ్గిపోతుంది.

ఇక బయోల్లోకి వెళ్దాం. మొదట ఫైనాన్స్, ఎందుకంటే ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. 'ఫైనాన్స్‌లో 20 ఏళ్ల అనుభవం' అని ఉంటే అది ఏ ఫైనాన్స్? కంపెనీల షేర్లు కొని అమ్మే మనిషికీ, లాభాపేక్ష లేని సంస్థల లెక్కలు ఆడిట్ చేసే సీపీఏకీ (లైసెన్సున్న అకౌంటెంటుకీ) పనిలో చాలా తేడా. స్కూల్‌కు రోజువారీ అవసరం రెండోవాళ్లతో. ఒక లెక్క చూడండి. స్కూల్ 300 మంది పిల్లలు వస్తారని బడ్జెట్ వేసింది, ఒక్కో విద్యార్థికి 18,000 డాలర్లు వస్తాయనుకుందాం. వచ్చింది 280 మంది. లోటు 3,60,000 డాలర్లు. టీచర్లను అప్పటికే తీసుకున్నారు, బిల్డింగ్ అద్దె తగ్గదు. 'అక్టోబర్‌లో అసలు ఎంతమంది ఉన్నారు, చేతిలో ఉన్న నగదు ఎన్ని రోజులకు సరిపోతుంది?' అని అడగాల్సింది ఆ సమయంలోనే. ఇది మొదటి మీటింగ్‌లోనే అడిగే అలవాటు స్కూల్ బిజినెస్ ఆఫీసులోనో, హాస్పిటల్ లెక్కల విభాగంలోనో, చిన్న సేవా సంస్థలోనో పని చేసినవాళ్లకు ఉంటుంది. కాబట్టి మీ నోట్‌బుక్‌లో 'ఫైనాన్స్' అని రాసి వదిలేయకండి. పెట్టుబడి, ఆడిట్, బడ్జెట్, విరాళాల సేకరణ: ఈ నాలుగింటిలో ఏదో రాయండి.

చదువు రంగం దగ్గర కూడా ఇంతే జాగ్రత్త కావాలి. 'ఎడ్యుకేటర్' అన్న ఒక్క పదం కింద 25 ఏళ్లు మూడో తరగతికి పాఠం చెప్పినవాళ్లూ ఉంటారు, రెండేళ్లు చెప్పి తర్వాత కన్సల్టింగ్‌కు వెళ్లినవాళ్లూ ఉంటారు, పాఠశాలలకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో పని చేసేవాళ్లూ ఉంటారు. రెండేళ్లే చెప్పారని తక్కువ చేయనక్కర్లేదు. అయితే ఏ తరగతికి, ఏ సంవత్సరాల్లో చెప్పారో రాసుకోవాలి. హైస్కూల్‌లో ఫిజిక్స్ చెప్పినవాళ్లు ఒకటో తరగతి పిల్లలకు చదవడం ఎలా నేర్పుతున్నారో పట్టుకోలేకపోవచ్చు. ఇంకోటి, నేను ప్రతి బోర్డులోనూ ముందుగా వెతికేది: ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? వికలాంగ పిల్లలకు తగిన చదువు ఉచితంగా అందాలన్న కేంద్ర చట్టం 1975 నాటిది, చార్టర్ స్కూల్ కూడా పబ్లిక్ స్కూలే కాబట్టి దానికీ వర్తిస్తుంది. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరో, స్కూల్ సైకాలజిస్టో, స్పీచ్ థెరపిస్టో బోర్డులో ఉంటే 'ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే చదువు ప్రణాళిక) ఉన్న పిల్లలు ఎంతమంది, వాళ్లలో మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎంతమంది, ఎందుకు?' అన్న ప్రశ్న వస్తుంది. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లాడున్న ఇంటికి ఆ ప్రశ్న విలువ ఏమిటో చెప్పక్కర్లేదు.

లాయర్ల విషయం త్వరగా ముగిద్దాం: కంపెనీల విలీనాలు చూసే లాయరు వేరు, ఉద్యోగుల చట్టం చూసే లాయరు వేరు. స్కూల్‌కు ఎక్కువగా పనికొచ్చేది రెండోవాళ్లు.

రియల్ ఎస్టేట్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. చార్టర్ స్కూళ్లకు బిల్డింగ్ పెద్ద తలనొప్పి. న్యూయార్క్ నగరంలో కొత్తగా పెట్టే, తరగతులు పెంచుకునే స్కూళ్లకు నగరం చోటైనా చూపాలి, అద్దెకైనా సాయం చేయాలని 2014లో చట్టం మార్చాల్సి వచ్చింది. అందుకే లీజులు చదవడం వచ్చిన ట్రస్టీ ఉండటం మంచిదే. కానీ ఆ ట్రస్టీకి గానీ వాళ్ల కుటుంబానికి గానీ స్కూల్ అద్దెకున్న బిల్డింగ్‌తో సంబంధం ఉందా అన్నది తేల్చుకోవాలి. బయోలో అది ఉండదు. మరి ఎక్కడ ఉంటుంది?

న్యూయార్క్‌లో చార్టర్ స్కూళ్లు లాభాపేక్ష లేని సంస్థలుగా ఏటా ఐఆర్ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) 990 అనే ఫారం దాఖలు చేస్తాయి. అది ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ సైట్‌లో స్కూల్ పేరుతో వెతికితే చాలామటుకు దొరుకుతుంది. ఆరో భాగం మొదటి లైన్‌లో రెండు సంఖ్యలు ఉంటాయి: ఓటున్న సభ్యులు ఎంతమంది, వాళ్లలో స్వతంత్రులు ఎంతమంది. ఈ రెండూ సమానంగా లేకపోతే ఎవరు స్వతంత్రులు కారో వెతకండి. రెండో లైన్ ట్రస్టీల మధ్య, ముఖ్య ఉద్యోగులతో చుట్టరికం లేదా వ్యాపార సంబంధం ఉందా అని అడుగుతుంది. ఏడో భాగంలో పేర్లు, వారానికి పెట్టే గంటలు, జీతం ఉంటాయి. ట్రస్టీల జీతం గడిలో మామూలుగా సున్నా కనిపించాలి. షెడ్యూల్ ఎల్ జత చేసి ఉంటే తప్పకుండా చదవండి, లోపలివాళ్లతో జరిగిన లావాదేవీలు అక్కడే రాస్తారు. సంవత్సరం దగ్గర తికమక పడొద్దు: స్కూల్ ఆర్థిక సంవత్సరం జూలైలో మొదలవుతుంది కాబట్టి పైన 2022 అని ఉన్న ఫారం 2023 జూన్ దాకా సంగతి చెబుతుంది. బోర్డు పేజీలో ఇప్పుడున్న పేర్లకూ అందులోని పేర్లకూ తేడా ఉండొచ్చు.

న్యూజెర్సీలో ఇంకో దారి ఉంది. అక్కడి స్కూల్ ఎథిక్స్ చట్టం చార్టర్ ట్రస్టీలకూ వర్తిస్తుంది. ఏటా వాళ్లు దాఖలు చేసే ప్రకటనలో 2,000 డాలర్లు దాటిన ప్రతి ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో రాయాలి. బంధువులెవరైనా స్కూల్‌లో పని చేస్తుంటే అదీ రాయాలి. బయోలో 'విద్యారంగ నిపుణులు' అని మాత్రమే ఉన్నవాళ్ల అసలు ఉద్యోగం ఏమిటో ఇక్కడ తేలుతుంది. మసాచుసెట్స్‌లో కొత్త ట్రస్టీని బోర్డు ఎంచుకున్నా రాష్ట్ర విద్యా కమిషనర్ ఆమోదం కావాలి.

న్యూజెర్సీలో ఐటీ ఉద్యోగాలు చేసే మనవాళ్ల కోసం ఒక మాట. 'బోర్డుకు రండి' అని మిమ్మల్ని పిలిస్తే 'చదువు గురించి నాకేం తెలుసు' అని వెనక్కి తగ్గకండి. పిల్లల రికార్డుల గోప్యత మీద 1974 నుంచే కేంద్ర చట్టం ఉంది. ఇప్పుడు మార్కులు, హాజరు, ఆరోగ్య వివరాలన్నీ బయటి కంపెనీల సర్వర్లలో ఉంటున్నాయి. 'కాంట్రాక్టు ముగిశాక మన పిల్లల డేటా వాళ్లు చెరిపేస్తారా?' అని అడగడం మీకు రోజూ చేసే పనే. బోర్డులో మిగతావాళ్లకు అది తట్టకపోవచ్చు. బయో రాసేటప్పుడు కూడా 'సీనియర్ మేనేజర్' అని ఆపేయకుండా ఏ పని చేశారో రాయండి.

ఇప్పుడు ఒక ఊహా బోర్డును కలిసి చదువుదాం. ఏడుగురు. ప్రైవేట్ ఈక్విటీలో (కంపెనీలను కొని తర్వాత అమ్మే పెట్టుబడి రంగంలో) ఒకరు, హెడ్జ్ ఫండ్‌లో ఒకరు, విలీనాల లాయరు, మార్కెటింగ్ వైస్ ప్రెసిడెంటు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోడక్ట్ మేనేజరు, 2009 నుంచి 2011 దాకా ఆరో తరగతికి చెప్పి ఇప్పుడు కన్సల్టింగ్ చేస్తున్నవాళ్లు, నర్సుగా పని చేస్తున్న ఒక పేరెంటు. హోదాల్లో వంక పెట్టడానికి లేదు. ప్రశ్నల వైపు నుంచి చూస్తే పెట్టుబడికి ఇద్దరున్నారు, ఆడిట్‌కు ఎవరూ లేరు. తరగతి గదిలో పదేళ్లుగా అడుగు పెట్టినవాళ్లు లేరు. ప్రత్యేక అవసరాల చదువుకు ఎవరూ లేరు, కాకపోతే పిల్లల ఆరోగ్యం తెలిసిన నర్సు కొంతవరకు ఆ లోటు తీర్చగలరు. స్కూల్ ఉన్న ఊళ్లో కాపురం ఉండేది ఆవిడ ఒక్కరే అయితే ఆవిడ మీద పడే బరువు ఎంతో ఆలోచించండి. ఈ బోర్డు మొత్తానికి పనికిరాదని నేను అనను. వచ్చే ఖాళీలో ఇంకో ఫండ్ మేనేజర్‌ను తెస్తే మాత్రం ఆందోళన పడతాను.

అభ్యాసం: మీరు ఎంచుకున్న స్కూల్ ట్రస్టీల పేర్లు ఒక నిలువు వరుసలో రాయండి. పక్కన వృత్తి, దాని పక్కన ఆ వృత్తి అడగగల ప్రశ్న, ఆఖరి గడిలో రుజువు. రుజువు కోసం పక్కన పెట్టుకున్న మినిట్స్ తీయండి. ఆడిట్ తెలిసిన ట్రస్టీ ఫైనాన్స్ కమిటీలో ఉన్నారా, మాట్లాడారా? తమకు సంబంధం ఉన్న కాంట్రాక్టు వచ్చినప్పుడు ఎవరైనా ఓటు వేయకుండా పక్కకు తప్పుకున్నారా? అసలు మీటింగ్‌కు వస్తున్నారా? కొన్ని స్కూళ్ల మినిట్స్‌లో ఎవరేం అడిగారో రాయరు, తీర్మానాలే ఉంటాయి. అలాంటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేసి, తర్వాతి బోర్డు మీటింగ్‌కు మీరే వెళ్లండి. అవి ప్రజలందరూ వచ్చి కూర్చోగల మీటింగులు.

నాలుగో పాఠం బైలాస్ (బోర్డు సొంత నియమావళి) మీద: ట్రస్టీ పదవీకాలం ఎన్నేళ్లు, ఖాళీని ఎవరు నింపుతారు, పేరెంట్ సీటుకు ఎలా దరఖాస్తు చేయాలి. ఈ పట్టిక పూర్తి చేసి ఉంచుకోండి, ఖాళీగా మిగిలిన గడులతోనే ఆ పాఠం మొదలుపెడతాం.