ఇమేజ్ బ్యాకప్ పాఠాలు – 4: మదర్‌బోర్డు మార్చాక వచ్చే నీలి తెర

మూడో పాఠం చదివి కొత్త మదర్‌బోర్డు మీద పాత ఇమేజ్‌ను (డిస్క్ మొత్తానికి తీసిన నకలును) రీస్టోర్ చేసినవారిలో చాలామందికి ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అనే నీలి తెర ఎదురైంది. ఇమేజ్ చెడిపోయిందనుకొని కొందరు రెండోసారి, మూడోసారి కూడా రీస్టోర్ చేశారు. రీస్టోర్ పూర్తయిన దగ్గరే పాఠం ఆపేసి, ఆ తర్వాతి మొదటి బూట్ గురించి చెప్పకపోవడం నా పొరపాటే. అందువల్ల ఈసారి చెప్పదలచిన పార్టిషన్ల పెంపును వాయిదా వేసి, పాఠమంతా దీనికే కేటాయిస్తున్నాను.

దయచేసి మళ్ళీ రీస్టోర్ చేయకండి. ఎన్నిసార్లు చేసినా అదే ఇమేజ్, అందులో అవే డ్రైవర్లు (హార్డ్‌వేర్‌తో విండోస్‌ను మాట్లాడించే ప్రోగ్రామ్‌లు). తెరను నిదానంగా గమనించండి: ముందు లోగో వస్తుంది, దాని కింద చుక్కలు కాసేపు తిరుగుతాయి, ఆ తర్వాతే నీలి తెర పడుతుంది. మొదట్లో డిస్క్‌ను చదివిపెట్టేది మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్. విండోస్ కెర్నల్ (దాని మూల భాగం) పగ్గాలు అందుకున్నాక మాత్రం తన సొంత డ్రైవర్‌తోనే చదువుకోవాలి. డిస్క్‌ను నడిపే కొత్త కంట్రోలర్‌కు తగిన డ్రైవర్ దాని దగ్గర లేకపోతే, క్షణం క్రితం దాకా అందిన డిస్కే కనబడకుండా పోతుంది.

ఇందులో నన్ను అన్నిటికన్నా చికాకుపెట్టేది వీఎండీ అనే సెట్టింగ్, అంటే డిస్కులను ఇంటెల్ సొంత కంట్రోలర్ చాటున పెట్టేది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది ముందే ఆన్ చేసి వస్తోంది. అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకం) దాని చాటునే ఉండిపోతుంది. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్ లేని విండోస్‌కు అక్కడొక డిస్క్ ఉన్నట్టే తెలియదు. రైడ్ (కొన్ని డిస్కులను ఒకటిగా కలిపే పద్ధతి) వాడనివారు ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో వీఎండీని ఆఫ్ చేస్తే, విండోస్ 8.1 మొదలుకొని వెంటే వస్తున్న ఎన్‌వీఎంఈ డ్రైవర్‌కు డిస్క్ అందుతుంది. డిస్కులను రైడ్‌గా కలిపినవారు మాత్రం ఆ సెట్టింగ్‌ను ముట్టుకోకూడదు.

ఆఫ్ చేశాక కూడా అదే తెర వచ్చిందంటే, డ్రైవర్ ఉండీ నిద్రలో ఉందని అర్థం. పాత కంప్యూటర్‌లో అవసరం పడని స్టోరేజ్ డ్రైవర్లను విండోస్ బూట్ సమయంలో లేపదు. రికవరీ యూఎస్‌బీతో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్ సెట్టింగులను మార్చే బీసీడీఎడిట్ ఆదేశం ద్వారా సేఫ్‌బూట్ విలువను ‘మినిమల్’గా పెట్టండి. ఒకసారి సేఫ్ మోడ్‌లోకి (అత్యవసర భాగాలతోనే నడిచే విండోస్‌లోకి) వెళ్తే విండోస్ తనకు కావలసిన డ్రైవర్‌ను లేపుకొంటుంది. ఆ వెంటనే అదే విలువను తొలగించండి. మరచిపోతే ప్రతిసారీ సేఫ్ మోడే వస్తుంది.

వీఎండీని ఆఫ్ చేసే వీలులేనివారు అదే కమాండ్ ప్రాంప్ట్ నుంచి, విండోస్ ఫైళ్లను బయటి నుంచి మార్చే డిస్మ్ ఆదేశంతో, ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను బూట్ కాకుండా ఆగి ఉన్న విండోస్‌లోకి ఎక్కించాలి. కావలసింది సెటప్ ప్రోగ్రామ్ కాదు, దాన్ని విప్పితే వచ్చే ఐఎన్‌ఎఫ్ ఫైళ్ల (డ్రైవర్ వివరాలు ఉండే ఫైళ్ల) ఫోల్డర్. రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి. నా విండోస్ ఒకసారి సి డ్రైవ్‌కు బదులు డి డ్రైవ్‌గా కనిపించింది, అందుకే డిస్కులను చూపే డిస్క్‌పార్ట్ ఆదేశంలో వాల్యూముల జాబితా చూడకుండా నేను ఏ ఆదేశమూ ఇవ్వను. డ్రైవ్ బిట్‌లాకర్‌తో (విండోస్ ఎన్‌క్రిప్షన్‌తో) లాక్ అయి ఉంటే ముందుగా 48 అంకెల రికవరీ కీ ఇవ్వాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ పాత డిస్క్ కేబుల్ ఊడదీసి ఉంచడం నా పద్ధతి, ఎందుకంటే ఒకే గుర్తింపు సంఖ్య గల రెండు డిస్కులను విండోస్ ఒకేసారి ఒప్పుకోదు.

అభ్యాసం: క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్‌లో, సాటా (మామూలు రకం) డిస్క్ గల వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్‌లో నడిచే ఊహా కంప్యూటర్‌లో, విండోస్ ఎక్కించి ఇమేజ్ తీయండి. దాన్ని విర్ట్‌ఐవో (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన రకం) డిస్క్ ఉన్న మరో మెషీన్ మీద రీస్టోర్ చేయండి. విండోస్‌తో విర్ట్‌ఐవో డ్రైవర్ రాదు గనుక నీలి తెర తప్పదు. వయోస్టార్ అనే విర్ట్‌ఐవో డిస్క్ డ్రైవర్‌ను డిస్మ్‌తో ఎక్కించి బూట్ చేయండి. మళ్ళీ రీస్టోర్ చేయడం గానీ, డిస్క్‌ను సాటాకు మార్చడం గానీ ఇందులో నిషిద్ధం.